కంటి తెలుపు

మా స్టూడియోలో చచ్చిపోయినవాళ్ళకు సూటు తొడిగేది నేనే. మా ఆయన దయాకర్ ఫొటోలు తీస్తాడు. నేను వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని నలుగురి కంటికీ ఆనేలా చేస్తాను. మానుకోటలో కురవి రోడ్డు మీద మాది పాత దుకాణం. దినాలకు ఫొటో కావాలని వచ్చేవాళ్ళ చేతిలో ఎప్పుడూ ఆధార్ కార్డే ఉంటుంది. అందులోని ముఖం కోసి, నా దగ్గర తయారుగా ఉన్న నీలం సూటు బాడీ మీద అతికించి, వెనకాల మబ్బులు పెట్టి, ముఖం తెల్లగా చేసి, కళ్ళు ఇంకా తెల్లగా చేసి ఇస్తాను. బతికినన్నాళ్ళూ చొక్కాకు పై గుండీ పెట్టుకోని రైతు కూడా పోయాక టై కట్టుకుని గోడెక్కుతాడు. ఇప్పటిదాకా ఎవరూ వద్దనలేదు. ఇదేం పని అని నన్ను నేను అడగడం కూడా ఎప్పుడో మానేశాను.

ఫోన్లు వచ్చి మా గిరాకీ సగం తిన్నాయి. మిగిలిన సగం నా మెడనూ కళ్ళనూ తింటోంది. పొద్దున కూర్చుంటే ఒకరి మచ్చ తీసెయ్యి, ఒకరి పొట్ట లోపలికి నొక్కు, మూసుకున్న కళ్ళు తెరిపించు, పెళ్ళికి రాని మేనమామను వచ్చినట్టు నిలబెట్టు. చెయ్యి దానంతట అదే పోతుంది. కళ్ళ మీదికి తెల్లని బ్రష్ పోవడానికైతే నన్ను అడగడం కూడా ఉండదు.

దయాకర్‌కు మాత్రం ఈ వయసులో కొత్త పిచ్చి పట్టింది. చలికాలం మొదట్లో ఫోన్‌లో ఏవో వీడియోలు చూశాడు. చీకటి గదిలో కొవ్వొత్తి వెలిగించి, సగం ముఖం వెలుగులో, సగం నీడలో పెట్టి తీసే ఫొటోలు. ఇక చూడండి. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడల్లా షట్టర్ సగం దించడం, కిటికీకి నల్ల దుప్పటి కట్టడం, స్టూలు మీద కొవ్వొత్తి పెట్టి దాని ముందు ఎవరు దొరికితే వాళ్ళను కూర్చోబెట్టడం. ఒక కొవ్వొత్తికి వెలుగు చాలదు. రెండు పెడితే ముక్కుకు రెండు నీడలు పడతాయి. పక్కన స్టీలు కంచం నిలబెడితే వెలుగు తిరిగి వస్తుంది గాని చెంప మీద కత్తిలా పడుతుంది. కంచం తీసి థర్మాకోల్ ముక్క పెట్టాడు. అప్పుడు కుదిరింది. కానీ అంత చీకట్లో తీసిన ఫొటో పెద్దది చేసి చూస్తే ముఖం నిండా రవ్వ చల్లినట్టు గరుకు. ఆ రవ్వ ఏరేది ఎవరు? నేనే.

"ఏందయ్యా గీ పీడ? గన్ని లైట్లు కొన్నం గదా, అవి దేనికి, బట్టలారేసుకునేటందుకా?" అన్నాను ఒకరోజు.

"లైట్ల ముంగట మొఖం సున్నం గొట్టినట్టు అయితది శోభా. మోంబత్తి ముంగట మనిషి మనిషి లెక్క అవుపడ్తడు. ఏండ్లసంది ఫొటోలు తీస్తున్న, ఒక్కటన్న మనసుకు తాకేది తియ్యనియ్యవా?"

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పెళ్ళికి ముందు ఫొటోలు దిగడానికి తొర్రూరు నుంచి వచ్చిన జంటను కూడా కొవ్వొత్తి ముందు కూర్చోబెట్టాడు. ఫొటోలు చూసిన పిల్ల తల్లి దుకాణం పైకప్పు లేచిపోయేలా అరిచింది. "మా బిడ్డకు దినాల ఫొటో తీసినవా ఏంది? మొఖం ముంగట దీపం పెట్టుడేంది? నీకు ఆడబిడ్డలు లేరా?" ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. మా వైపు ఫొటో ముందు దీపం పెట్టేది పోయినవాళ్ళకే. ఆ కొవ్వొత్తులన్నీ ఏరిపారేసి, చీకటిని కడిగి, వాటిని మిట్టమధ్యాహ్నం ఫొటోల్లా మార్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆ గొడవ తర్వాత దయాకర్ నీరుగారిపోయాడు. ఎప్పుడు చూసినా ముందు గదిలో బెంచీ మీద పడుకుని ఉండేవాడు. అన్నం ముందు కూర్చుని సగంలోనే చెయ్యి కడిగేవాడు. కెమెరా బ్యాగు భుజాన వేసుకుంటే ఆయాసం. "ఒళ్ళంత అలిసినట్టున్నది" అనేవాడు. "మోంబత్తి ముంగట కూసుంటె అలుస్తరా?" అనేదాన్ని నేను. అలిగాడనుకున్నాను. పని ఎగ్గొట్టే ఎత్తు అని కూడా అనుకున్నాను. నిజం చెప్పాలంటే నేనూ అలిసే ఉన్నాను. అలిసిన మనిషికి ఇంకొకరి అలసట చూస్తే జాలి కలగదు, ఒళ్ళు మండుతుంది. దుకాణంలో ఉన్నంతసేపూ నేను తెర వైపు చూస్తాను, ఆయన ఫోన్ వైపు చూస్తాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకునే తీరిక మాకెక్కడిది?

మిరపకాయ ఏరుళ్ళు సాగుతున్న రోజుల్లో కాళి మా దుకాణానికి వచ్చింది. కురవి అవతల తండా మనిషి. వెంట కొడుకు జైసింగ్ ఉన్నాడు. తండాల నుంచి వచ్చే పెద్ద ఆడవాళ్ళను మేం యాడీ అని పిలుస్తాం, వాళ్ళ భాషలో అమ్మ అని. కాళి చేతుల మీద ఇన్నేళ్ళూ ఉన్న గాజులు తీసేసినట్టున్నారు, మోచేతుల పైన చర్మం వరసలు వరసలుగా తెల్లగా ఉంది. ఆ వరసలు చూడగానే వచ్చిన పని అర్థమైంది.

"అక్కా, మా బాపుది," అని జైసింగ్ ఆధార్ కార్డు నా చేతికిచ్చాడు. "ఎల్లుండి దినాలున్నయ్. సూటు ఎయ్యి. జర తెల్లగ చెయ్యి."

కార్డు మీద బాల్‌సింగ్ అని ఉంది. అలవాటు పనే కాబట్టి టీ తాగేంతలో ముఖం కోసి, సూటు మీద పెట్టి, తెల్లగా చేసి తెర వాళ్ళవైపు తిప్పాను. కాళి దగ్గరికొచ్చి వంగి చూసింది.

"ఎవరు బిడ్డా గీయన?"

"మీ ఆయనే, యాడీ."

"కాడు," అంది.

జైసింగ్‌కు చిన్నతనమైంది. "బాపునే యాడీ, కార్డు మీదికెళ్ళే తీసింది" అని నచ్చజెప్పబోయాడు. ఆమె వినలేదు. కార్డు కూడా తీసుకుని చూసి, తిరిగి బల్ల మీద పెట్టేసింది.

"గీ మొఖం నేను ఎన్నడు సూడలే బిడ్డా. ఆయన తెల్లారకముందే పోతుండె, మాది కొంత, మందిది కొంత, మిరప చేండ్లల్ల పని. మాపటికి చీకటి పడినంక వస్తుండె. వచ్చి పొయ్యి కాడ కూసుంటుండె. చేతులు సాపుకోని, నేను రొట్టె చేస్తుంటె సూసుకుంట. పెండ్లయినప్పటిసంది నేను ఆయనను పొయ్యి ఎలుగులనే సూసిన. నాకు గా మొఖం కావాలె. గీ సర్కారు మొఖాన్ని గోడకు పెట్టుకోని ఎవలకు మొక్కాలె?"

బెంచీ మీద పడుకున్న దయాకర్ లేచి కూర్చున్నాడు. ఎన్నో రోజుల తర్వాత ఆయన ముఖంలో కళ కనిపించింది. నాకు గుండెల్లో రాయి పడింది, మళ్ళీ కొవ్వొత్తులు బయటికి వస్తాయని.

మాట మార్చాలని, ఏమైంది మీ ఆయనకు అని కాళిని అడిగాను.

"ఏమో బిడ్డా. అలిసిన, అలిసిన అంటుండె. మిరపకాయ పనంటె అందరం అలుస్తం గదా, నేను కూడ తిట్టిన. దవాఖానకు తోల్కపోయేటాల్లకు లోపలంత ఖరాబైంది, ఆలస్యం చేసిన్రు అన్నరు. పొయ్యి ముంగట మనిషి ఎప్పుడు మంచిగనే అవుపడ్తడు. బంగారం లెక్క. నాకేం తెల్వలే."

అయ్యో అన్నాను. అది మా దుకాణంలో రోజుకొకసారైనా అనే మాట.

దయాకర్ అప్పటికే లెక్కలు వేస్తున్నాడు. ఆధార్ ముఖంలో నీడ అనేదే ఉండదు, ఎటు చూసినా ఒకటే వెలుగు. దానికి పొయ్యి వెలుగు పూయాలంటే, అదే ఈడు మనిషిని చీకట్లో కూర్చోబెట్టి, కింది నుంచి మంట వెలుగు వేసి ఫొటో తీయాలి. చెంప ఎక్కడ వెలుగుతుందో, కన్ను ఎక్కడ నీడలోకి పోతుందో చూసుకోవాలి. ఆ భుజాలనూ చొక్కానూ అట్లాగే ఉంచి, బాల్‌సింగ్ ముఖం దాని మీద పెట్టి, వెలుగు కలిపెయ్యాలి. చెప్పడానికి బాగానే ఉంది. మరి కూర్చునేదెవరు?

"నేను కూసుంటనే," అన్నాడు జైసింగ్.

"వద్దు!" అని కాళి కొడుకు రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. "దండ ఏసే ఫొటోల నా కొడుకును కూసోవెట్ట."

మా వైపు ఎవరైనా అదే అంటారు. బతికున్నవాడి ఫొటోకు దండ పడటమంటే చావును చెయ్యి పట్టి ఇంట్లోకి పిలిచినట్టే.

"నేను కూసుంట యాడీ," అన్నాడు దయాకర్. "ఈడు కుదురుతది, గడ్డం కుదురుతది. నాకేమైతది?"

గిరాకీ ముందు మొగుణ్ణి తిట్టకూడదని పళ్ళు బిగబట్టుకున్నాను. వాళ్ళు మెట్లు దిగారో లేదో అందుకున్నాను. "నీకు మతి ఉన్నదా? కన్నతల్లి వద్దంటె నువ్వు పోయి కూసుంటవా?"

"రోజు మంది తలకాయలు కోస్తవ్. లేని పట్టింపు నీకు ఇయ్యాల ఎక్కడిది?"

"వాళ్ళు పోయినోళ్ళు. ఆ సూటు బాడీ ఎవనిదో నాకు తెల్వదు. నువ్వు నా మొగనివి."

"ఫొటోకు దండేస్తె పోతరా శోభా? గట్లయితె గీ లీడర్లు రోజు దండలేసుకోని ఫ్లెక్సీలెక్కుతున్నరు, ఒక్కడన్న పోయిండా?"

నవ్వొచ్చింది. నవ్వొస్తే నేను ఓడిపోయినట్టే, అది ఆయనకు తెలుసు. అయినా నా లోపల బెరుకు పోలేదు. నేను ఇట్లాంటివి నమ్మనని అందరి ముందూ అంటాను. నా మొగుడి మెడ మీద వేరేవాళ్ళు పూలు వేస్తారనేసరికి ఆ నమ్మకపోవడం ఎటో పోయింది.

ఆ మధ్యాహ్నమే షట్టర్ దించాం. దయాకర్ తెల్లచొక్కా వేసుకుని కింద చాప మీద కూర్చున్నాడు. పొయ్యి వెలుగు కింది నుంచి రావాలి కదా, మోకాళ్ళ దగ్గర మూడు కొవ్వొత్తులు దగ్గరదగ్గరగా పెట్టాడు, ఒక్క మంటలా ఉంటుందని. పక్కన థర్మాకోల్. ఆయన ముందు కూర్చున్నాడంటే కెమెరా నేనే పట్టాలి. పెళ్ళయ్యాక ఆయన్ని కెమెరాలోంచి చూసిన గుర్తే లేదు నాకు. ఫొటోలు తీసేవాడి ఫొటో ఎవరు తీస్తారు?

ఆ వెలుగుకు కెమెరా కన్ను కాస్త సేపు తెరిచే ఉంచాలి. ఆ కాస్త సేపూ మనిషి బొమ్మలా ఉండాలి. ఆయన ఉండలేకపోయాడు. నొక్కిన ప్రతిసారీ ముఖం చెదిరిపోయి వచ్చింది.

"కదలకయ్యా!"

"నేను కదుల్తలేనే. ఒళ్ళే ఒరుగుతున్నది. జర ఆగు, కండ్లు మూసుకపోతున్నయ్."

"కూసునేటందుకు కూడ నీకు చాతగాదా?" అన్నాను. అన్నానా? అన్నాను. ఆయన గోడకు వీపు ఆనించి, చేతులు మంట వైపు చాపి, తల కొంచెం ఎత్తి నా వైపు చూశాడు. నొక్కాను. ఈసారి ఏదీ చెదరలేదు.

కెమెరా వెనకాల చూసి, తిట్టబోతున్న నోరు మూసుకున్నాను. ఎంత బాగుందో. చుట్టూ చీకటి, అందులోంచి ఒక ముఖం, చెంపలు, నుదురు, గడ్డంలో తెల్లవెంట్రుకలు కూడా బంగారు రంగులో మెరుస్తూ. ఆ కళ్ళలో ఎంత అలసటో. ఈ మనిషిని నేను ఎన్నేళ్ళుగా సరిగ్గా చూడలేదో అనిపించింది. పెళ్ళిచూపులప్పుడు కూడా కలగని ప్రేమ కలిగింది, దాచుకోవడం దేనికి?

ఆయనకు చూపించాను. "చూసినవా? నేను చెప్పలే?" అన్నాడు. అని కొవ్వొత్తులు ఆర్పకుండానే వెళ్ళి బెంచీ మీద పడుకున్నాడు.

మరునాడు పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక పక్క ఆధార్ ముఖం, నీలంగా, చప్పగా. ఇంకో పక్క దయాకర్, పచ్చగా, వెచ్చగా. ఈ రెండింటినీ కలపాలంటే ముందు రెంటి రంగులూ ఒక దారికి తేవాలి. అంటే కొవ్వొత్తి పచ్చదనాన్ని తీసేసి, మామూలు పగటి రంగు చేసుకుని, ముఖం అతికించాక మళ్ళీ ఆ పచ్చదనం పూయాలి. దానికి కంప్యూటర్‌కు ఒక తెల్లటి వస్తువు చూపించి, ఇదీ తెలుపు అని చెప్పాలి. చొక్కా కాలరు మీద పెట్టి నొక్కాను. కాలరు తెల్లబడింది. గోడ గోడలా అయింది. గడ్డంలో వెంట్రుకలు తెల్లబడ్డాయి. థర్మాకోల్ తెల్లబడింది.

పెద్దది చేసి చూశాను. కళ్ళు ఇంకా పచ్చగానే ఉన్నాయి.

కొవ్వొత్తి మొండిది అనుకున్నాను. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, తెల్లని బ్రష్ తీసుకుని కుడి కన్ను తెల్లగా చేసేసింది. ఎడమ కంటి మీదికి పోయి అక్కడ ఆగాను. ఒక కన్ను పాలలా తెల్లగా, ఒక కన్ను పసుపు నీళ్ళలా పచ్చగా, రెండూ నన్నే చూస్తున్నాయి. మళ్ళీ మొదటికి వెళ్ళి థర్మాకోల్ మీద పెట్టి నొక్కాను. గడ్డం మీద పెట్టి నొక్కాను. ఎక్కడ నొక్కినా లోకమంతా తెల్లబడుతోంది, ఆ రెండు కళ్ళు మాత్రం తెల్లబడటం లేదు.

పొయ్యి ముంగట మనిషి ఎప్పుడు మంచిగనే అవుపడ్తడు. బంగారం లెక్క. కాళి గొంతు నా చెవి పక్కనే వినిపించినట్టయింది.

ముందు గదిలోకి పరుగెత్తాను. దయాకర్ చెయ్యి ముఖం మీద అడ్డం పెట్టుకుని పడుకుని ఉన్నాడు. రెక్క పట్టుకుని లేపి, మెట్లు దింపి, ఎండలో రోడ్డు మీదికి లాక్కొచ్చాను.

"ఏందే, పిచ్చి లేసిందా? మంది చూస్తున్నరు."

"చూడనీ. ఇటు తిరుగు. కండ్లు పెద్దగ తెరువు."

కింది రెప్ప లాగి చూశాను. పచ్చగా ఉంది. పైరెప్ప ఎత్తి చూశాను. అరచేయి తిప్పి చూశాను. చేతి గీతల్లో కూడా పసుపు పూసినట్టుంది. ఆటో స్టాండు దగ్గర ఉన్నవాళ్ళు నవ్వుతున్నారు, మొగుడూ పెళ్ళాల సరసం అనుకుని ఉంటారు.

"ఉచ్చ ఎట్ల వస్తున్నది?" అని అడిగాను, నడిరోడ్డు మీద.

"పచ్చగ వస్తున్నది. నీళ్ళు తక్కువ తాగుతున్న గదా, వేడి చేసిందనుకున్న," అన్నాడు మెల్లగా.

పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా ఇంట్లో లోకాన్నే పచ్చగా వెలిగించి పెట్టాం, మనిషి పచ్చబడింది కనిపించకుండా.

స్టేషన్ రోడ్డులో డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె పొట్ట నొక్కి చూసి, రక్తం తీయించి, కాగితం చూసి ముఖం ముడిచింది. లివర్ బాగా దెబ్బతిన్నట్టుంది, ఇక్కడ కాదు, రేపు పొద్దున్నే హనుమకొండ తీసుకెళ్ళండి అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఎన్ని రోజుల నుంచి కళ్ళు ఇట్లా ఉన్నాయమ్మా?"

రోజూ పొద్దంతా మంది కళ్ళు చూసి బతికేదాన్ని, నా మొగుడి కళ్ళు ఎప్పటి నుంచి పచ్చబడ్డాయో నాకు తెలియదు. ఫోన్ తీసి పాత ఫొటోలు వెతికాను. సంక్రాంతి దాటాక మా అన్న గృహప్రవేశంలో దిగినవి ఉన్నాయి. వాటిలో దయాకర్ కళ్ళు పాలలాగా, మల్లెపూలలాగా ఉన్నాయి. ఉండవా మరి, ఆ రోజు వాటిని అట్లా చేసింది నేనే. అసలు ఫొటోలు కంప్యూటర్లో జాగా తింటున్నాయని తీసేశాను. ఆ రోజు ఆయన కళ్ళు నిజంగా ఏ రంగులో ఉన్నాయో ఇప్పుడు ఏ డాక్టరూ చెప్పలేరు.

"ఎరుక లేదమ్మా," అన్నాను. ఏడుపు ఆగలేదు. దయాకర్ నా వీపు మీద చెయ్యి వేశాడు. జబ్బు ఆయనకు, ఓదార్పు నాకు.

దుకాణానికి తిరిగొచ్చాక బ్యాగు సర్దాలి, అన్నకు ఫోన్ చెయ్యాలి. తెల్లారితే కాళి వాళ్ళ దినాలు. ఫొటో ఇవ్వలేమని జైసింగ్‌కు చెప్పేద్దామనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేశాను. ఆమె మాట లేకపోతే నేను ఎడమ కన్ను కూడా తెల్లగా చేసేసి, చక్కగా తల కోసేసి ఉండేదాన్ని.

దయాకర్ ఫొటో ఒక పక్క తెరిచి పెట్టుకున్నాను. దాంట్లోంచి గోరంత కూడా కోయలేదు. భుజం లేదు, చొక్కా లేదు, చేతులు లేవు. ఊరికే చూసుకుంటూ, వెలుగు గడ్డం కింద ఎట్లా మొదలై చెంప మీదికి ఎట్లా ఎక్కుతోందో, ముక్కు నీడ నుదుటి వైపు ఎట్లా పోతోందో చూసి, బాల్‌సింగ్ ముఖం మీద బ్రష్‌తో కొంచెం కొంచెంగా పూశాను. మెడ కింద నుంచి అంతా చీకటే వదిలేశాను. సూటు లేదు, మబ్బులు లేవు. ముఖం నలుపు నలుపుగానే ఉంచాను. కళ్ళ జోలికి అసలు పోలేదు. పొద్దుగూకేలోపు ప్రింటు తీసి ఫ్రేము కట్టాను.

పొద్దున రైలుకు బయలుదేరుతూ షట్టర్‌కు తాళం వేస్తుంటే ఆటోలో కాళి, జైసింగ్ వచ్చారు. ఫ్రేము కాళి చేతిలో పెట్టాను. సూటు లేదేమని జైసింగ్ అడగబోయి తల్లి ముఖం చూసి ఆగిపోయాడు. ఆమె ఫొటోను దగ్గరికి తెచ్చుకుంది, దూరంగా పట్టుకుంది. తర్వాత దాంతో వాళ్ళ భాషలో ఏదో మాట్లాడటం మొదలుపెట్టింది. ఏడుపు కాదు, కసురుకుంటున్నట్టుంది.

"ఏమంటున్నది?" అని జైసింగ్‌ను అడిగాను.

"రొట్టె సల్లారిపోతున్నది, ఇంగ లేసి తిను అంటున్నది అక్కా," అని వాడు ముఖం అటు తిప్పుకున్నాడు.

కాసేపటికి కాళి మమ్మల్ని చూసింది, మా చేతిలో బ్యాగు, దవాఖాన కాగితాలు. ఎటు అని అడిగింది. చెప్పాను. ఫ్రేము కొడుకుకిచ్చి, దయాకర్ గడ్డం పట్టుకుని ముఖాన్ని ఎండ వైపు తిప్పింది. నేను నిన్న చేసిన పనే, కానీ ఆమె చేతిలో తొందర లేదు.

"ఫొటోల నీ భుజాలు పెట్టలేదు గదా?" అని ఆయన్ని అడిగింది.

"మా ఆడిది పెట్టనియ్యలే యాడీ."

"మంచిగ చేసింది." నా వైపు తిరిగింది. "పో బిడ్డా, జల్ది పో. ఇంగ పొయ్యి కాడ సూడకు. ఎండల సూడు."

రైల్లో ఆయన్ని ఎండ పడే వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టాను. ఉక్కపోస్తోందని గొణిగాడు. కాజీపేట దాకా ఆ ముఖాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆయనకు సిగ్గేసి కళ్ళు మూసుకుంటే తెరవమన్నాను.

హనుమకొండ దవాఖానలో చాలా రోజులు ఉంచుకున్నారు. మందులు పడ్డాయి, ఉప్పు, నూనె పోయాయి, కెమెరా బ్యాగు మోయడం పోయింది. ఇంకొంచెం ఆలస్యమైతే మా చేతిలో ఉండేది కాదన్నారు. ఇప్పుడైనా పూర్తిగా తమ చేతిలో ఉందని ఎవరూ అనలేదు. మందు పట్టాలి, లివర్ తేరుకోవాలి, చూద్దాం అన్నారు. మేమూ చూస్తున్నాం.

ఇప్పుడు స్టూడియో పని నేనొక్కదాన్నే చేస్తున్నాను. అలసట ఎక్కడికీ పోలేదు, రెండింతలయింది. దినాలకు సూటు అడిగేవాళ్ళకు ఇప్పటికీ సూటే తొడుగుతున్నాను, తెల్లగా చేయమంటే చేస్తున్నాను. బతకాలి కదా. ఒక్క దయాకర్ ఫొటో మాత్రం ప్రతి సోమవారం మధ్యాహ్నం నేనే తీస్తాను. అదే తెల్లచొక్కా, షట్టర్ పూర్తిగా ఎత్తి, గడప మీద, కళ్ళు చికిలించేంత ఎండలో.

"జర మంచిగ చెయ్యవే. మొఖం గుంజుకపోయింది, పీనుగు లెక్క ఉన్న," అన్నాడు నిన్న, తెర ముందు నా భుజం మీదుగా వంగి.

"చెయ్య," అన్నాను.

కాలరు పెద్దది చేసి చూశాను. కన్ను పెద్దది చేసి దాని పక్కన పెట్టాను. పోయిన వారం కంటే పచ్చదనం కొంచెం తేలికపడింది. రెండు తెలుపులూ ఇంకా ఒకటి కాలేదు.